గంగమ్మ ఆగిన చోటు

వెంకటరామారావు గారి వీపు మీద బంతి పడకపోయి ఉంటే పర్మిషన్ అనే మాట ఆ ఇంట్లోకి వచ్చేదే కాదేమో.

ఆయన మిర్చి కళ్ళం హైమ ఇంటి ప్రహరీకి అవతలే. మాఘమాసంలో కోసిన కాయలు నేలంతా ఎర్రగా పరిచి ఉంటాయి. ఇవతల, చెరువు వైపు పెరట్లో, ఊరి కుర్రాళ్ళు సాయంత్రాలు వాలీబాల్ ఆడతారు. బంతి గోడ దాటితే తేవడానికి వెళ్ళినవాడు ఘాటుకు తుమ్ముకుంటూ తిరిగొస్తాడు. మిగతావాళ్ళు నవ్వుతారు. ఆ రోజు మాత్రం లచ్చయ్య కొట్టిన బంతి కాయల మీద కాక, వంగి కాయలు తిరగేస్తున్న రామారావు గారి వీపు మీద పడింది. లచ్చయ్య అడవి పక్క గూడెం నుంచి సైకిలు మీద వచ్చే కోయ కుర్రాడు. జట్టులో వాడంత ఎత్తుకు ఎగిరేవాడు లేడు. బంతి ఎక్కడ పడుతుందో మాత్రం వాడికీ తెలియదు.

రామారావు గారి తల గోడ మీదుగా లేచింది.

"ఏమ్మా హైమా! ఇది కొంపా, క్లబ్బా? ఏదో ఒకటి తేల్చు!" అంటూండగానే ఆయనకూ తుమ్మొచ్చింది.

"తుమ్మడం అయ్యాక అడగండి బాబాయ్, తేలుస్తాను" అంది హైమ.

కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఆయనకు బంతి కన్నా గట్టిగా తగిలింది. ఆయన పంచాయతీలో వార్డు మెంబరు. మరుసటి సమావేశంలో ఒక మాట అడిగారు: కాపురానికని కట్టుకున్న ఇంట్లో క్లబ్బు నడపడానికి ఎవరు పర్మిషన్ ఇచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వాలని అప్పటిదాకా ఎవరికీ తోచలేదు కూడా.

హైమ దమ్మపేటలో ఆడపిల్లల హైస్కూలు డ్రిల్లు టీచరు. పెళ్ళి చేసుకోలేదు. మొన్న కార్తీకం దాకా తల్లీ, తనూ ఇద్దరే ఉండేవారు. కార్తీకంలో తల్లి ఆదెమ్మ పోయింది. ఆ తర్వాత బడి నుంచి వచ్చి తాళం తీసేటప్పుడు ఆమెకు ఒక వింత అలవాటు పట్టుకుంది. తలుపు తెరిచి వెంటనే లోపలికి వెళ్ళేది కాదు. లోపల ఎవరో మాట్లాడుతూ తన రాక చూసి ఆపేశారన్నట్టు, ఆ మాట మళ్ళీ మొదలయ్యే దాకా గడపలో నిలబడేది. మొదలయ్యేది కాదు. చెప్పులు విడిచే చప్పుడు కూడా ఆ ఇంటికి ఎక్కువే అనిపించేది.

అలాంటి రోజుల్లోనే ఊళ్ళో బడి ఆటస్థలంలో కొత్త గదులకు పునాదులు తీశారు. కుర్రాళ్ళు నెట్ చుట్ట చంకన పెట్టుకుని రోడ్డు మీద తిరుగుతున్నారు. సైకిలు షాపు షుకూర్ వాళ్ళకు పెద్ద దిక్కు. ముప్పై దాటినా ఆట మానలేదు. హైమే అతన్ని పిలిచి, మా పెరట్లో ఆడుకోండి అంది. ఊరంతా ఆమె మంచితనం అనుకుంది. ఆమె కూడా కొన్నాళ్ళు అలాగే అనుకుంది. ఒక ఆదివారం వాన పడి ఎవరూ రాలేదు. ఆ సాయంత్రం తను ఎన్నిసార్లు వెనక తలుపు దగ్గరికి వెళ్ళి వచ్చిందో గమనించుకున్నాక ఇందులో దానం చేస్తున్నది ఎవరో ఆమెకు అర్థమైంది.

అందుకని పంచాయతీ నోటీసు వచ్చినప్పుడు ఆమెకు కోపం రాలేదు. భయం వేసింది.

సర్పంచి మర్యాదగానే చెప్పాడు. క్లబ్బుకు పర్మిషన్ ఇవ్వడానికి పంచాయతీకి అభ్యంతరం లేదు. అయితే ఆ పెరడు చెరువు శిఖంలో లేదని తేలాలి. శిఖం అంటే చెరువు నిండితే మునిగే నేల. అది ఎవరి స్వాధీనంలో ఉన్నా సర్కారుదే. అందులో గుంజ పాతడానికి కూడా వీల్లేదు. ఇరిగేషన్ ఆఫీసు వాళ్ళు కొలిచి, శిఖం కాదని రాస్తే ఆ రోజే తీర్మానం. శిఖమే అని రాస్తే వానలు పడేలోగా పెరడు ఖాళీ చేయాలి.

"అయిపోయింది తియ్ మేడం, పర్మిషన్ వచ్చినట్టే" అన్నాడు షుకూర్. "పర్మిషనొస్తే ఖమ్మం నుంచి కొత్త నెట్ ఇస్తరు, బాల్స్ ఇస్తరు. బోర్డు రాపిస్త. మీ పేరు పైన, నా పేరు కింద."

"నా పేరెందుకు?"

"మీ పేరు లేకుంటే రామారావు సారు బోర్డు మీదనే మిర్చి ఎండబోస్తడు."

సర్వేయరు పగిడయ్య చైత్రమాసపు ఎండలో గొలుసు మోసే మనిషిని వెంటపెట్టుకుని వచ్చాడు. పెరడంతా తిరిగాడు. పెరటి చివర చెరువు వైపు రాతిగోడ ఉంది. దాని పక్కనుంచి మెట్లు నీళ్ళలోకి దిగుతాయి. కృష్ణా జిల్లా నుంచి పత్తి సాగుకు వచ్చిన కొత్తలో హైమ తండ్రి కట్టించినవి. ఎండలకు నీళ్ళు బాగా వెనక్కి పోయి గోడ మొదలంటా కనిపిస్తోంది. పగిడయ్య మెట్లు దిగి గోడ వైపు చూసి ఆగాడు.

"గివేంది మేడం, పచ్చగ?"

గోడ మీద అడ్డంగా, వేలెడు మందాన, పసుపు గీతలు. ఒకదాని కింద ఒకటి, కొన్ని దగ్గరగా, కొన్ని ఎడంగా. ప్రతి గీత చివరా కుంకుమ బొట్టు.

ఎవరైనా ఆ గీతల గురించి హైమను అడగడం అదే మొదటిసారి. తల్లి పోయినప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్ళు జబ్బు ఏమిటని అడిగారు, ఆఖరున ఏమైనా తిన్నదా అని అడిగారు. ఆమె ఎలాంటి మనిషి అని ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఈ కొలతల మనిషి అడిగాడనిపించి హైమ మెట్టు మీద కూర్చుంది.

"అమ్మ పెట్టింది. ఏటా చెరువు నిండి, మిగులు నీళ్ళు అలుగు మీదుగా పారిన రోజున నీళ్ళు ఎక్కడిదాకా ఉంటే అక్కడ గీత పెట్టేది. పాత గీతలన్నిటికీ మళ్ళీ పసుపు పూసేది. ఇదిగో ఇది నాకు టైఫాయిడ్ వచ్చిన ఏడు. ఇది నాకు ఉద్యోగం వచ్చిన ఏడు. అన్నిటికన్నా పైది ఎనభై ఆరుది. భద్రాచలం మునిగిందే, ఆ వరదప్పటిది."

"అంటే నీళ్ళు గీడిదాక వస్తయన్న మాట" అన్నాడు పగిడయ్య. పుస్తకం తీసి రాసుకున్నాడు.

"అవును. ఇక్కడిదాకా."

పైకి వచ్చాక అతను మ్యాపు విప్పాడు. అందులో శిఖం హద్దు వాలీబాల్ కోర్టు మధ్యనుంచి, సరిగ్గా నెట్ ఉన్న చోట వెళుతోంది. మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాడు.

"నా చేతుల లేదు మేడం. పెద్ద సారు వచ్చి చూస్తడు. ఆయన ఏం రాస్తే గదే."

సంగతి విన్న షుకూర్ తల పట్టుకుని నెట్ గుంజ కింద కూలబడ్డాడు.

"మీరే చూపెట్టిండ్రా? మీరే?"

"అడిగాడు. చెప్పాను."

"అడిగితే చెప్తరా మేడం! పోలీసోడు అడిగితే దొంగ గూడ చెప్పడు గద! నీళ్ళు వస్తయని గోడ మీద రంగేసి మరీ రాసి పెడితిరి. ఇగ మనకు పర్మిషన్ ఏడిది?"

లచ్చయ్య బంతి తిప్పుతూ నిలబడ్డాడు. ఎవరూ ఆట మొదలుపెట్టలేదు. హైమకు తన నోరు తనది కాదనిపించింది. ఒక్క పూట, ఎవరో అమ్మ గురించి అడిగారన్న సంబరంలో, ఈ పిల్లల జాగా పోగొట్టింది.

పెద్ద సారు వైశాఖంలో వస్తున్నాడని కబురు వచ్చింది. ముందురోజు మధ్యాహ్నం షుకూర్ బకెట్టుతో, కుంచెతో దిగాడు. బకెట్టులో తడిపిన సున్నం.

"జల్దీ కొట్టేద్దాం మేడం. పగిడయ్య ఏదో రాసిండంటే రాసిండు. సారు వచ్చి చూస్తే గోడ తెల్లగుంటది. ఎండకు పగిడయ్యకు పచ్చగ కనబడ్డదేమో అంటం."

హైమ వెంటనే సరే అంది. షుకూర్ ఆమెను ఒప్పించడానికి మాటలు కూర్చుకుని వచ్చినట్టున్నాడు. అవి వాడాల్సిన అవసరం రాకపోవడంతో కాసేపు తెల్లబోయి చూశాడు.

"మీరు బాధపడతరనుకున్న."

"బకెట్టు ఇక్కడ పెట్టి వెళ్ళు. నేను వేస్తాను."

అతను వెళ్ళాక ఆమె కుంచె పట్టుకుని గోడ ముందు నిలబడింది. అంత తొందరగా సరే అన్నది ఎందుకు? కుర్రాళ్ళ కోసం. అది నిజం. ఆ నిజం కింద ఇంకేదో కదిలింది. ఆమె దాన్ని చూడదలచుకోలేదు కానీ అది పక్కకు తప్పుకోలేదు.

తండ్రి పోయినప్పుడు హైమకు పన్నెండేళ్ళు. ఆ ఏడు చెరువు నిండింది. అలుగు పారిన రోజున ఊరి ముత్తయిదువలంతా డప్పులతో కట్ట మీది మైసమ్మకు పసుపు కుంకుమలు పెట్టడానికి ఈ ఇంటి ముందునుంచే వెళ్ళారు. అంతకు ముందు ఏడాది దాకా ముందు నడిచిన ఆదెమ్మను ఆ రోజు ఎవరూ పిలవలేదు. పిలవకూడదు, అందరికీ తెలుసు. ఆదెమ్మ వాకిట్లోంచి లోపలికి వచ్చి, గిన్నెలో పసుపు కలిపి, వెనక మెట్లు దిగింది. తన మొహానికి రాసుకోవడానికి వీల్లేని పసుపును గోడకు రాసింది.

"ఏం చేస్తున్నావమ్మా?" అని హైమ అడిగితే, "గంగమ్మ ఇక్కడ ఆగిందే. మన జోలికి రాలేదు" అంది.

ఆ తర్వాత ఏటా అదే. కట్ట మీద డప్పులు, గోడ దగ్గర అమ్మ. హైమ పెద్దదయ్యే కొద్దీ ఆ రోజంటే ఆమెకు భయం పట్టుకుంది. గోడకు అంటుకుపోయినట్టు వంగి ఉన్న అమ్మ వీపును పై మెట్టు మీదనుంచి చూస్తూ, గిన్నె పట్టుకుని నిలబడాలి. ఒక ఏడు ఆ రోజున కావాలనే ఖమ్మంలో టోర్నమెంటు ఉందని చెప్పి వెళ్ళిపోయింది. తిరిగొచ్చాక మెట్లు దిగి చూసింది. ఆ ఏటి గీత కాస్త వంకరగా ఉంది, గిన్నె పట్టుకునేవాళ్ళు లేక.

కిందటి భాద్రపదంలో ఆదెమ్మకు మెట్లు దిగే ఓపిక లేదు. హైమ జబ్బ పట్టుకుని దింపింది. గీతలన్నిటికీ పసుపు పూయించే దాకా ఒప్పుకోలేదు.

ఇప్పుడు కుంచెతో ఒక్కసారి ఇటునుంచి అటు లాగితే ఆ వీపు ఇక కనిపించదు. ఏటా ఆ రోజు కోసం భయపడక్కరలేదు. తను సరే అన్నది దీనికా? కుర్రాళ్ళ పేరు పెట్టి తన బరువు దించుకుంటోందా? ఏది ఎంత పాలో ఆమెకు తేలలేదు. కుంచె ముంచింది.

మొదటి గీత మీద సున్నం పడగానే అది ఎర్రబడింది.

హైమ చెయ్యి వెనక్కి తీసుకుంది. పసుపులో సున్నం పడితే ఎర్రనవుతుందని తెలియనిది కాదు. దిష్టి తీసే ఎర్రనీళ్ళు అలాగే కలుపుతారు. తెలిసినా ఆ క్షణానికి గుర్తు లేదు. తెల్లటి తడిలోంచి ఎరుపు పైకి ఊరి, కిందికి చారలు కట్టింది. ఆమె గబగబా రెండో గీత మీద పూసింది. అదీ ఎర్రబడింది. మూడోది. గోడంతా పుళ్ళు లేచినట్టయింది. పూసిన కొద్దీ ఎరుపు పాకుతోంది. ఆమె ఏడవలేదు. ఊపిరి మాత్రం పరుగు పందెంలో ఉన్నట్టు తీస్తోంది. ఎరుపు ఆరేదాకా ఆగి మళ్ళీ పూసింది, మళ్ళీ పూసింది. ఎండ వాలేసరికి గోడ తెల్లబడింది. దగ్గరగా చూస్తే తప్ప కనపడనంత లేత గులాబి మిగిలింది.

ఆమె చేతివేళ్ళ సందులు కూడా ఎర్రగా ఉన్నాయి.

మర్నాడు వచ్చిన పెద్ద సారు ఇంజనీరు, వయసు మళ్ళినవాడు, నెమ్మదస్తుడు. మూడుకాళ్ళ పరికరం పెరట్లో నిలబెట్టి, అలుగు ఎత్తుకూ కోర్టు ఎత్తుకూ తేడా చూసుకున్నాడు. చూసి తనలో తనే తల ఊపాడు. గోడ మీదుగా రామారావు గారు కూడా చూస్తున్నారు. తర్వాత ఇంజనీరు మెట్ల వైపు నడిచాడు. షుకూర్ ఆయన కన్నా ముందే దిగాడు.

"గుర్తులేం లేవు సార్. నీళ్ళు అసల్ ఈడిదాక రానే రావు. ఎవర్నన్న అడగండ్రి."

"రావనే నాకూ అనిపిస్తోంది" అన్నాడు ఇంజనీరు. "ఈ మ్యాపు పాతది. ఆ తర్వాత అలుగు దించి కట్టారు. నీళ్ళు ఇప్పుడు అంత పైకి ఎక్కవు. కానీ నాకు అనిపించిందని హద్దు జరపలేను కదా. ఏళ్ళ తరబడి నీళ్ళు ఎక్కడ ఆగుతున్నాయో రుజువు ఉంటే, కోర్టు శిఖంలో లేదని రాయొచ్చు. సర్వేయరు ఏవో పసుపు గీతల సంగతి రాశాడు. ఎనభై ఆరు వరద గీత కూడా ఉందన్నాడు. అంత వరదలో కూడా నీళ్ళు గోడ దాటలేదంటే ఇంక చెప్పేదేముంది? అవి చూద్దామనే పనిగట్టుకుని వచ్చాను. ఏవీ?"

షుకూర్ హైమ వైపు చూశాడు.

ఆగింది. అమ్మ ఎప్పుడూ ఆ మాటే అంది. ఒక్కసారి కూడా వచ్చింది అనలేదు. ఇన్నేళ్ళు విని, ఎవరో పుస్తకంలో రాసుకుంటూ 'వస్తయన్న మాట' అనగానే అవును అన్నది తను. అమ్మ మాట మరిచిపోయి ఆ సర్వేయరు మాట పట్టుకుని నిన్నంతా ఈ గోడ ముందు నిలబడింది.

"ఉన్నాయి" అంది హైమ. "ఉన్నాయండి. ఇక్కడే ఉన్నాయి."

ఆమె మెట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని గోరుతో సున్నం గీకింది. లచ్చయ్య ఒక చిప్ప తెచ్చి పక్కనే గీకడం మొదలుపెట్టాడు. సున్నం పొరలుగా రాలింది. ప్రతి పొరకూ గులాబి రంగు అంటుకుని వచ్చింది. ఎక్కడ గీకినా అదే గులాబి. గీత లేదు.

"ఇక్కడ ఉండేది. కాదు, ఇంకొంచెం పైన. లచ్చయ్యా, ఎనభై ఆరుది నువ్వు చూశావుగా?"

"పచ్చగుండె మేడం" అన్నాడు లచ్చయ్య. "ఏడనో మరి..."

ఇంజనీరు వంగి, రాలిన పెచ్చు ఒకటి తీసి చూశాడు. సున్నం కొత్తదని ఆయనకు తెలుస్తూనే ఉంది. ఎందుకు వేశారో కూడా తెలిసిందేమో, అడగలేదు.

"లేవండమ్మా" అన్నాడు చివరికి. "గోళ్ళు పోతాయి."

"నా మాట రాసుకోండి. ఎప్పుడూ గోడ దాటలేదు. ఒక్క ఏడు కూడా."

"మీ ఇంటి సంగతికి మీ మాట సాక్ష్యం కిందికి రాదమ్మా. సర్వేయరు గీతలున్నాయనే రాశాడు కానీ ఎంత ఎత్తులో ఉన్నాయో కొలవలేదు. రాసినా పైన కొట్టేస్తారు."

ఆయన మజ్జిగ వద్దన్నాడు. మ్యాపులో ఉన్న హద్దే ఖాయమని కాగితం వచ్చింది. ఇల్లు మిగిలింది, పెరడు పోయింది. నెట్ గుంజలు పీకిన రోజున షుకూర్ ఆమె మొహంలోకి చూడలేదు.

"సున్నం మాట నేనే అన్న మేడం. నన్ను తిట్టండ్రి."

"కుంచె నీ చేతిలో లేదుగా" అంది హైమ. అతను ఓదార్పనుకున్నాడు.

కుర్రాళ్ళు చెదిరిపోయారు. లచ్చయ్య సైకిలు ఆ దారిన రావడం మానేసింది. ఒకరోజు రామారావు గారు గోడ దగ్గరికి వచ్చి, గొంతు సవరించుకుని, "నేను క్లబ్బు తీసేయమన్లేదమ్మా. పర్మిషన్ తీసుకోమన్నాను, అంతే" అన్నారు.

"తెలుసు బాబాయ్."

"సాయంత్రం పూట మరీ బావురుమంటోంది. మా ఆవిడ కూడా అంది."

గోడ మీద దుమ్ము అరచేత్తో తుడిచి వెళ్ళిపోయారు.

భాద్రపదంలో చెరువు నిండి అలుగు పారింది. డప్పులు ఇంటి ముందునుంచి కట్ట వైపు వెళ్ళాయి. హైమ ఆ రోజు బడికి సెలవు పెట్టింది. టోర్నమెంటు ఏదీ లేదు. గిన్నెలో పసుపు కలుపుకుని వెనక తలుపు తీసింది. పెరట్లో కోర్టు గీతల మీద గరిక మొలిచింది. నేల పొడిగా ఉంది. సర్కారు పాతిన హద్దురాయి నెట్ ఉన్న చోట నిలబడి ఉంది. దాని మొదట్లో కూడా తడి లేదు.

మెట్లు దిగింది. నీళ్ళు గోడకు సగం ఎత్తులో కదలకుండా ఉన్నాయి. పసుపులో వేలు ముంచి నీటి పైన గీత పెట్టింది. గిన్నె రెండో చేతిలో ఉండడంతో వంకరగా వచ్చింది. పైన అంతా తెల్లటి గోడ. ఎనభై ఆరు ఎక్కడ? ఆమె చెయ్యి ఎత్తింది. అమ్మ కన్నా తను పొడుగు. అమ్మ ఆ ఏడు ఏ మెట్టు మీద నిలబడింది? చెయ్యి ఇంకాస్త ఎత్తింది, దించింది, మళ్ళీ ఎత్తింది. వేలి చివర పసుపు ఆరిపోతోంది.

వెనక అడుగుల చప్పుడైంది. షుకూర్. పెరట్లో, హద్దురాయి దాటకుండా ఇంటి వైపే నిలబడ్డాడు.

"ఈసారి ఏడిదాక వచ్చినయ్ మేడం?"

"ఇక్కడ ఆగాయి" అంది హైమ, వెనక్కి తిరగకుండా.

"అదే, ఏడిదాక వచ్చినయ్?"

ఆమె వేలు గిన్నె అంచుకు తుడుచుకుంది. పసుపు గిన్నె కింద పెట్టే చోటు కోసం చూసింది. పై మెట్టు మీద పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు.